ఆరుబయట కలప కోతకు చేతి పనిముట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో సొంత ఇంటి ఆవరణలో నాలుగు చెట్లు పెంచుకుంటున్నవారు, శ్రీనివాసపురం, చింతామణి, హోసూరు వైపు చిన్న తోట కొనుక్కుని ఆదివారాలు వెళ్ళి వచ్చేవారు, ఏప్రిల్, మే నెలల గాలివానకు కొమ్మ విరిగి గేటుకు అడ్డంగా పడితే ఏం చేయాలో తోచక ఫోను చేసేవారు కొన్నేళ్ళుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. నా వృత్తి వేరు. కె.ఆర్. పురంలో ఉంటూ, శ్రీనివాసపురం దగ్గర మా బావమరిది మామిడితోటలో ఏటా కొమ్మలు కత్తిరించే పనిలో పాలు పంచుకుంటూ, అక్కడి పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నదీ, చేతికి తగిలి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. యంత్రాల జోలికి పోకుండా, చేత్తో పట్టి చేసే పనికే పరిమితమవుతాను.

ప్రశ్న: ఒకే ఒక్క పనిముట్టు కొనగలిగితే ఏది కొనాలి?

మడత రంపం కొనండి. బ్లేడు 20 నుంచి 24 సెంటీమీటర్ల పొడవుండి, తన వైపు లాగినప్పుడు కోసే రకమై ఉండాలి. ఇంటి ఆవరణలోనైనా, తోటలోనైనా మనకు ఎదురయ్యే కొమ్మల్లో ఎక్కువ భాగం బొటనవేలి మందానికీ ముంజేతి మందానికీ మధ్యలోనే ఉంటాయి. ఆ పరిధి మొత్తాన్ని ఈ ఒక్క రంపమే చూసుకుంటుంది. మడిచి జేబులోనో సంచిలోనో పెట్టుకోవచ్చు, నిచ్చెన మీద ఒక చేత్తో వాడవచ్చు, ఆకుల మధ్య ఇరుకు సందులోకి కూడా దూర్చవచ్చు.

లాగినప్పుడు కోసే రంపం ఎందుకంటే, పలచని రేకును తోస్తే వంగిపోతుంది, లాగితే బిగుసుకుని తిన్నగా నిలుస్తుంది. అందుకే ఈ రకం రంపాల బ్లేడు పలచగా ఉంటుంది. బ్లేడు పలచనైతే కోత చాలు, అంటే రంపం చెక్కలో తీసే గాడి, సన్నగా పడుతుంది, పొట్టుగా పోయే చెక్క తగ్గుతుంది, చేతికి శ్రమా తగ్గుతుంది. హార్డ్‌వేర్ కొట్లలో మామూలుగా చూపించే వడ్రంగి చేతిరంపం తోసినప్పుడు కోసేది. బల్ల మీద పలకను పెట్టి మోకాలితో అదిమి కోయడానికి అది బాగుంటుంది గానీ, గాలిలో ఊగుతున్న కొమ్మ మీద పనికి రాదు.

ప్రశ్న: కట్టెలు కొట్టడమంటే గొడ్డలే కదా గుర్తొచ్చేది? దాన్ని ముందు ఎందుకు కొనకూడదు?

గొడ్డలి దెబ్బకు మూడు కావాలి: బరువు, వేగం, వెనకనుంచి గట్టి ఆసరా. నేల మీద కదలకుండా కూర్చున్న దుంగకు ఆసరా ఉంటుంది. చెట్టు నుంచి వేలాడే కొమ్మకూ, ఒక కొన గోడ మీదా మరో కొన నేల మీదా ఉన్న కొమ్మకూ ఉండదు. అలాంటి కొమ్మ దెబ్బ పడగానే స్ప్రింగులా వంగి, గొడ్డలిని పక్కకు విసిరికొడుతుంది.

ఇది నాకు అనుభవమే. ఒక మే నెలలో మా వీధి చివర తురాయి చెట్టు కొమ్మ పడి దారి మూసుకుపోతే, చిన్న చేతిగొడ్డలి తీసుకుని బయలుదేరాను. తురాయి కలప తేలిక, పెళుసు. నాలుగు దెబ్బల్లో తెగిపోతుందనుకున్నాను. రెండో దెబ్బకు కొమ్మ ఎగిరింది, గొడ్డలి జారింది, అంచు వచ్చి నా కుడి బూటు ముందుభాగంలో దిగింది. బూటు తోలు రెండంగుళాల మేర చీలి, లోపలి మేజోడు కనిపించింది. వేలికి గీత కూడా పడలేదు, కానీ ఆ రోజు చెప్పులు వేసుకుని ఉంటే కాలి వేళ్ళు దక్కేవి కావు. ఆ తర్వాత అదే కొమ్మను పక్కింటి ఆయన ఇచ్చిన రంపంతో పది నిమిషాల్లో నాలుగు ముక్కలు చేశాను.

ఇంకొక విషయం. 15 సెంటీమీటర్ల మందమున్న దుంగను గొడ్డలితో అడ్డంగా నరకాలంటే, ఇంచుమించు అంతే వెడల్పున గాడి తీయాలి, ఆ కలపంతా పేళ్ళుగా రాలిపోతుంది. రంపం తీసేది రెండు మూడు మిల్లీమీటర్లే. అడ్డంగా తెగ్గొట్టడం రంపం పని, నిలువునా చీల్చడం గొడ్డలి పని. ఈ విభజన గుర్తుంటే సగం పొరపాట్లు జరగవు.

ప్రశ్న: మడత రంపం కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు తాళం చూడండి. రంపం తెరిచాక బ్లేడును బిగించి ఉంచే మీట అది. కొట్లోనే తెరిచి, బిగించి, బ్లేడు వెనక వైపు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. పిడి దగ్గర టకటకమని ఆడితే పక్కన పెట్టేయండి. కోత మధ్యలో బ్లేడు మడుచుకుంటే పళ్ళు వచ్చి పడేది మీ వేళ్ళ మీదే. తెరిచినప్పుడే కాక మడిచినప్పుడు కూడా తాళం పడే రకమైతే సంచిలో తనంతట తాను తెరుచుకోదు.

తర్వాత పళ్ళు. అంగుళానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. 6 నుంచి 8 ఉంటే అన్ని పనులకూ అనువు. అంతకంటే తక్కువైతే పచ్చి కొమ్మల్లో వేగంగా పోతుంది గానీ సన్న పుల్లలను పట్టి లాగేస్తుంది. 10 దాటితే ఎండు గట్టి చెక్కకూ వెదురుకూ నున్నగా కోస్తుంది గానీ పచ్చి కొమ్మలో తడి పొట్టుతో నిండిపోయి ఆగిపోతుంది. పళ్ళ కొనలు నల్లగానో నీలంగానో కనిపిస్తే వాటిని విద్యుత్తుతో చప్పున వేడిచేసి గట్టిపరిచారని అర్థం. ఆ పళ్ళు చాలాకాలం మొద్దుబారవు, మొద్దుబారిన రోజున ఆకురాయి కూడా వాటిని పట్టదు. కాబట్టి అలాంటి రంపానికి విడి బ్లేడు దొరుకుతుందో లేదో కొనే రోజే అడగాలి.

బ్లేడు వంపు తిరిగి ఉండాలా, తిన్నగా ఉండాలా అన్నది మీరు ఎక్కడ నిలబడి కోస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. భుజం కంటే ఎత్తున ఉన్న కొమ్మలకు వంపు బ్లేడు మేలు, లాగుతుంటే దానంతట అదే కొమ్మలోకి దిగుతుంది. నడుము ఎత్తున, నేల మీద చేసే పనికి తిన్నని బ్లేడు అదుపులో ఉంటుంది. మామిడితోటకు నేను వంపు బ్లేడే తీసుకెళతాను.

పిడి రబ్బరు పూత ఉన్నదైతే చెమట చేతికి జారదు. పిడి రంగు గురించి చాలామంది ఆలోచించరు. ఆకుపచ్చ పిడి ఉన్న రంపాన్ని గడ్డిలో పెట్టి వెతుక్కున్నవాళ్ళకు ఎరుపో, నారింజో, పసుపో ఎందుకు కావాలో తెలుస్తుంది.

ప్రశ్న: ఎంత మందం వరకు మడత రంపంతో కోయవచ్చు?

బ్లేడు పొడవులో సగం మందం వరకు. రంపం కోసిన పొట్టు బయటికి రావాలంటే ప్రతి లాగుడులోనూ పళ్ళు కొమ్మ దాటి బయటికి వచ్చి పొట్టును రాల్చాలి. అంత చోటు లేకపోతే పొట్టు కోత చాలులోనే నలిగి, రంపం నిష్ఫలంగా రుద్దుకుంటూ పోతుంది. 24 సెంటీమీటర్ల బ్లేడుకు 12 సెంటీమీటర్ల కొమ్మ హద్దు అనుకోండి.

ప్రశ్న: అంతకంటే లావు దుంగలుంటే?

విల్లు రంపం తీసుకోండి. ఉక్కు గొట్టాన్ని విల్లులా వంచి, రెండు కొనల మధ్య పలచని బ్లేడును తాడులా బిగించిన రంపం ఇది. బ్లేడులు 21, 24, 30 అంగుళాల పొడవుల్లో వస్తాయి. ఒక్కరే పనిచేసుకునేవారికి 24 అంగుళాలది చాలు. 30 అంగుళాలది ఇద్దరు ఇటూ అటూ పట్టుకుని లాగితే చక్కగా నడుస్తుంది.

దీనికి రెండు రకాల బ్లేడులుంటాయి, అక్కడే ఎక్కువమంది పొరబడతారు. పళ్ళన్నీ ఒకే తీరున త్రికోణాల్లా ఉన్నది ఎండు కట్టెకు. కొన్ని పళ్ళ తర్వాత ఒక లోతైన సందు, ఆ సందులో పాయలుగా చీలిన పొట్టి పన్ను ఉన్నది పచ్చి కలపకు. ఆ పొట్టి పన్ను కోయదు, ముందు పళ్ళు తెంపిన తడి పోగులను గోకి బయటికి లాగుతుంది. ఎండు కట్టె బ్లేడుతో పచ్చి నీలగిరిని కోయబోయి, రంపమే మంచిది కాదని కొట్టుకు తిరిగి ఇచ్చేసినవాళ్ళను చూశాను. రెండు బ్లేడులూ కొని ఉంచుకోండి, మార్చడానికి నిమిషం పట్టదు. దుంగ మరీ లావైతే విల్లు నడుము దుంగకు తగిలి కోత ఆగిపోతుంది. అప్పుడు దుంగను తిప్పుకుంటూ చుట్టూ కోయాలి.

ప్రశ్న: ఊరి నుంచి తెచ్చుకున్న మచ్చు (కంపలు నరికే బరువైన కత్తి) ఉంది. అది సరిపోదా?

కొన్ని పనులకు దానిని మించినది లేదు. కంపలు కొట్టడానికి, కొమ్మకు ఉన్న రెమ్మలను చెక్కేయడానికి, లంటానా పొదలను తొలగించడానికి, అరటి బోదెలకు, కొబ్బరి మట్టలకు మచ్చే సరైనది. బొటనవేలి మందం వరకు ఉన్న పచ్చి రెమ్మను ఒక్క వేటుకు తెంపుతుంది. మనవైపు సర్కారు తుమ్మ అనీ, ఇక్కడివాళ్ళు బళ్ళారి జాలి అనీ పిలిచే ముళ్ళచెట్టు దగ్గరైతే, పొడవు పిడి ఉన్న కొడవలితో రెమ్మలను దూరం నుంచే లాగి తెంపి, మొదలు కనిపించాక రంపం పట్టాలి.

కొలిమిలో చేసిన మచ్చు కొనేటప్పుడు దాని ఇనుము గురించి అడగండి. లారీల పాత కమాను పట్టీలతో చేసినదైతే మంచి ఉక్కు, అంచు నిలుస్తుంది. గోరుతో మీటితే ఖంగుమనాలి. బరువు ముందు కొన వైపు కొంచెం ఎక్కువగా ఉంటే దెబ్బ తేలికగా పడుతుంది. అయితే మచ్చుతో కోసిన చోట కొమ్మ చీలుతుంది, బెరడు ఊడి వస్తుంది. కాబట్టి బతకవలసిన చెట్టు మీద దీన్ని వాడవద్దు.

ప్రశ్న: కట్టెలు చీల్చడానికి గొడ్డలి కావలసిందే. ఎలాంటిది కొనాలి?

తల బరువు ఒకటిన్నర కిలోలకు అటూ ఇటూ ఉండి, పిడి 70 సెంటీమీటర్లకు తగ్గనిది తీసుకోండి. చిన్న గొడ్డలి క్షేమమనుకోవడం పెద్ద పొరపాటు. పొడవు పిడి గొడ్డలి గురి తప్పితే, దాని చాపం, అంటే అది గాలిలో తిరిగే వంపు దారి, పొడవైనది కాబట్టి అంచు కాలి ముందు నేలలో దిగుతుంది. పొట్టి పిడి గొడ్డలి గురి తప్పితే అదే చాపం మోకాలి దగ్గరికి వస్తుంది. చేతిగొడ్డలి వాడక తప్పనప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, మొద్దు మీద పెట్టి కొట్టండి, అప్పుడు తప్పిన దెబ్బ నేలకే పోతుంది. మరీ లావు దుంగలకైతే ఇనుప చీలను (వెడ్జ్‌ను) దుంగ పగులులో పెట్టి సమ్మెటతో కొట్టడం తేలిక. గొడ్డలి వెనక భాగంతో మాత్రం ఇనుప చీలను కొట్టకండి, పిడి దూరే కన్ను దగ్గర గొడ్డలి పగులుతుంది.

పిడి చూసేటప్పుడు చెక్క పోగు వైపు కన్ను పెట్టండి. ఒక కొన నుంచి చూస్తే పోగులు పిడి పొడవునా తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు వాలి బయటికి పోతే, దెబ్బ పడినప్పుడు అక్కడే విరుగుతుంది. మన పల్లెల్లో నల్లతుమ్మ కామ పెట్టడం ఊరికే రాలేదు, ఆ చెక్క గట్టిదీ, అదురును ఓర్చుకునేదీ. రంగు పూసిన పిడిని నేను కొనను, రంగు కింద ముడి ఉందో పగులు ఉందో కనిపించదు.

ఏ కట్టె ఎలా చీలుతుందో కూడా తెలిసి ఉండాలి. నీలగిరి పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోవాలి, ఎండితే రాయిలా బిగుస్తుంది, పోగు మెలితిరిగి ఉన్న దుంగైతే ఇక చెప్పనక్కర్లేదు. సరుగుడు ఎండేటప్పుడు తనంతట తానే పగుళ్ళిస్తుంది, ఆ పగులులోనే గొడ్డలి పెట్టాలి. చింత జోలికి మాత్రం గొడ్డలితో వెళ్ళవద్దు. దాని పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. మాంసం కొట్లలో రోజంతా కత్తి దెబ్బలు తినే మొద్దు చింతదే అని గుర్తుచేసుకుంటే చాలు. చింతను రంపంతో పొట్టి బిళ్ళలుగా కోసుకోవడమే మార్గం. కొబ్బరి మాను లోపల మెత్తగా, బయటి పొర చాలా గట్టిగా ఉండి రంపం పళ్ళను తినేస్తుంది, దానికి పాత బ్లేడు వాడండి.

ప్రశ్న: కోస్తుండగా రంపం మధ్యలో ఇరుక్కుపోతుంది. బ్లేడు మంచిది కాదా?

పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు బ్లేడుది కాదు, కోత మొదలుపెట్టిన వైపుది. ఒక దుంగ రెండు కొనలా రెండు రాళ్ళ మీద ఆని, మధ్యలో ఖాళీగా ఉందనుకోండి. దాని బరువు మధ్యను కిందికి లాగుతుంది. అప్పుడు పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. పై నుంచి కోస్తూ పోతే సగం దాటేసరికి కోత చాలు పెదవులు మూసినట్టు మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. ఇలాంటి దుంగను పై నుంచి మూడో వంతు మాత్రం కోసి, మిగిలింది కింది నుంచి కోయాలి.

ఒక్క కొన మాత్రమే ఆని, రెండో కొన గాలిలో వేలాడుతుంటే అంతా తిరగబడుతుంది. అక్కడ కింది భాగం నొక్కుకుంటుంది, పై భాగం సాగుతుంది. కాబట్టి ముందు కింది నుంచి మూడో వంతు, ఆ తర్వాత పై నుంచి.

శ్రీనివాసపురం తోటలో గంగమ్మ గుడి పక్కన పడిన ఒక మామిడి కొమ్మ దగ్గర, అక్కడి పెద్దాయన ఒకరు నాకు దీన్ని మాటలతో కాక చేత్తో చూపించారు. రంపం పెట్టే ముందు కొమ్మ మీద కాలు ఆనించి మెల్లగా అదిమారు. బెరడు మీద సన్నని ముడతలు పడిన వైపు చూపించి, ‘ఇది నొక్కుకునే పక్క, ఇక్కడ కొంచెమే కోయాల’ అన్నారు. రెండో వైపు బెరడు బిగుసుకుని నున్నగా ఉంది. ఆ ముడతలను చూడడం అలవాటైన తర్వాత నా రంపం ఇరుక్కోవడం దాదాపు ఆగిపోయింది. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే బలంగా గుంజకండి, బ్లేడు వంకర పోతుంది. కొమ్మ కింద కర్ర పెట్టి ఎత్తండి, లేదా కోత చాలులోకి చిన్న చెక్క చీలను కొట్టండి, అది తెరుచుకుంటుంది.

ప్రశ్న: మేడ మీదికి వాలిన కొమ్మను చెట్టుకు హాని లేకుండా ఎలా తీయాలి?

మూడు కోతలు వేయాలి. మొదటిది కాండానికి ఓ అడుగు దూరంలో, కింది వైపు నుంచి, మూడో వంతు లోతు. రెండోది దానికి రెండు మూడు అంగుళాలు బయటగా, పై నుంచి, కొమ్మ తెగిపడేదాకా. ముందు కింది నుంచి కోసి ఉంచాం కాబట్టి, కొమ్మ పడేటప్పుడు బెరడు కాండం పొడవునా చీలుకుంటూ రాదు. ఇక మిగిలిన మోడును మూడో కోతతో తీస్తాం. అది ఎక్కడ వేయాలన్నదే ముఖ్యం.

కొమ్మ కాండంతో కలిసే చోట చిన్న ఉబ్బు, మెడ చుట్టూ కంటె తొడిగినట్టు ఉంటుంది. గాయాన్ని మూసే కణజాలం అక్కడి నుంచే పుడుతుంది. కోత ఆ ఉబ్బుకు బయటగా, దాన్ని తాకకుండా పడాలి. కాండానికి సమంగా చెక్కేస్తే చూడడానికి నున్నగా ఉంటుంది గానీ చెట్టుకు పెద్ద గాయమవుతుంది. అలాగని జానెడు మోడు వదిలినా మంచిది కాదు, అది కుళ్ళి లోపలికి దారి ఇస్తుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి పరిశీలించి, చెట్టు గాయాన్ని మాన్పుకోదనీ, చుట్టూ గోడ కట్టి వేరుచేస్తుందనీ చూపించారు. ఆ ఉబ్బును కాపాడమని ఆయన చెప్పినదే ఇప్పుడు అంతటా పాటిస్తున్నారు. గాయానికి తారు, రంగు పూయనవసరం లేదని కూడా ఆయన పరిశీలనల్లోనే తేలింది.

మామిడికైతే కాపు పూర్తయ్యాక కత్తిరించండి. పచ్చి కొమ్మ సొన చర్మానికి, కళ్ళకు తగిలితే మండుతుంది, పొక్కులు లేస్తాయి. పొడవు చేతుల చొక్కా వేసుకుని, ముంజేతులకు ముందే కొబ్బరినూనె రాసుకోండి.

ప్రశ్న: కొమ్మ అందదు. పొడవు గొట్టం చివర బిగించే రంపం కొనవచ్చా?

కొనవచ్చు, కానీ ముందు పైకి చూడండి. బెంగళూరు వీధుల్లో కొమ్మల మధ్య నుంచే కరెంటు తీగలు వెళతాయి. ఆ గొట్టాలు చాలావరకు అల్యూమినియంవి, తీగను తాకితే మనిషి బతకడు. పచ్చి కొమ్మ కూడా కరెంటును మోస్తుంది. తీగ దగ్గర ఉన్న కొమ్మను ఏ పనిముట్టుతోనూ ముట్టుకోవద్దు, విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాం సహాయ సంఖ్య 1912కు ఫోను చేయండి. తీగలు లేని చోట కూడా, కోసే కొమ్మకు సరిగ్గా కింద నిలబడకండి. పక్కకు జరిగి, గొట్టాన్ని వాలుగా పట్టుకోండి.

ప్రశ్న: మా ఇంటి ఆవరణలో చెట్టే కదా, అనుమతి కావాలా?

కావాలి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రైవేటు స్థలాలకు కూడా వర్తిస్తుంది. చెట్టు కొట్టడమంటే మొదలు నరకడం మాత్రమే కాదనీ, కొమ్మలు నరికివేయడం, బెరడు చుట్టూ చెక్కి ఎండగొట్టడం వంటివి కూడా అందులోకే వస్తాయనీ ఆ చట్టం చెబుతుంది. నీలగిరి, సరుగుడు, సిల్వర్ ఓక్, సుబాబుల్ వంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మిగిలినవాటికి నగర పాలక అటవీ విభాగంలోని వృక్షాధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. చందనం చెట్టు మీ పెరట్లో మొలిచినా, అటవీ శాఖకు తెలియకుండా తాకవద్దు. రోడ్డు మీద చెట్టు పడితే నగర పాలక సహాయ సంఖ్య 1533కు చెప్పండి.

బెంగళూరు దగ్గరి నంది హిల్స్‌కో సావనదుర్గ కొండకో వెళ్ళేవారు సంచిలో రంపం పెట్టుకోవాలా అని అడుగుతుంటారు. అవసరం లేదు. వాటి చుట్టూ అటవీ ప్రాంతమే. అక్కడ ఎండుపుల్ల ఏరి మంట వేయడం కూడా తప్పే. బన్నేరుఘట్ట జాతీయ వనంలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే అమలవుతుంది. సొంత తోటలోనో, యజమాని అనుమతించిన తోటలోనో బస చేసేవారికే రంపంతో పని.

ప్రశ్న: బెంగళూరులో ఎక్కడ కొనాలి? ఏ కంపెనీది?

ఎస్.పి. రోడ్డులో హార్డ్‌వేర్ కొట్లు వరసగా ఉంటాయి. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి కాబట్టి శనివారం వెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొంటే తాళం కదిపి చూసే వీలుండదు, నేను కొట్టుకు వెళ్ళమనేది అందుకే. కన్నడంలో రంపాన్ని గరగస అనీ, గొడ్డలిని కొడలి అనీ అంటారు. ఆ రెండు మాటలు తెలిస్తే కొట్టువాడు లోపలి నుంచి సరైన పెట్టె తెస్తాడు.

మన దేశపు ఫాల్కన్, టాటా ఆగ్రికో పనిముట్లు వారానికొకసారి వాడేవారికి సరిపోతాయి. జపాన్ సిల్కీ, స్వీడన్ బాకో రంపాలు ఖరీదైనవి, రోజూ తోటలో పనిచేసేవారికి ఆ తేడా చేతి నొప్పిలో తెలుస్తుంది. కొడవలి, మచ్చు మాత్రం కంపెనీవి కాక తాలూకా సంతలో కమ్మరి దగ్గర కొనండి. మీ చేతి కొలత చూసి పిడి పెడతాడు, వచ్చే ఏడు సాన పట్టించుకోవడానికీ అతనే ఉంటాడు.

ఇంటికి తెచ్చేటప్పుడు అంచుకు తొడుగు వేసి, కారు డిక్కీలో పెట్టుకోండి. వ్యవసాయానికి, ఇంటి పనికి ఉద్దేశించిన పనిముట్లను 1959 ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కించదు. అయినా స్కూటరు మీద మచ్చును బయటికి కనిపించేలా పెట్టుకుని వెళితే పోలీసులు ఆపడం న్యాయమే, బిల్లు దగ్గర పెట్టుకోండి. మెట్రోలోకి పదునైన పనిముట్లు తీసుకురానివ్వరు.

ప్రశ్న: పదును ఎలా కాపాడుకోవాలి?

పని అయిన రోజే తుడవండి. బ్లేడు మీద సొన, జిగురు ఎండితే మర్నాటికి లక్కలా పట్టేస్తుంది, అప్పటి నుంచి రంపం బిగుస్తుంది. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక పలచగా కొబ్బరినూనె రాస్తే చాలు. పనస పాలకు ముందు నూనె, తర్వాత సబ్బు.

గొడ్డలికీ మచ్చుకూ ఆకురాయితో పదును పెట్టండి. అంచు వైపు ఒకే దిశలో తోస్తూ, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. రెండో వైపుకు సన్నని బొబ్బలాంటి మడత వచ్చిందని గోటికి తగిలాక, తిప్పి రెండో వైపు పట్టాలి, చివరకు సానరాయి మీద తడి చేసి రుద్దాలి. వీధిలోకి వచ్చే సైకిలు సానవాడికి ఇస్తే, పక్కనే నిలబడి అంచును నీళ్ళలో ముంచుతూ పట్టమని చెప్పండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయింది, ఇక అక్కడ పదును నిలవదు.

ప్రశ్న: చేతికి, కాలికి ఏం వేసుకోవాలి?

తోలు బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి. గ్లవ్స్ రంపం పట్టని చేతికి వేసుకోండి, ఎందుకంటే కొమ్మను పట్టుకుని కోత పక్కనే ఉండేది ఆ చెయ్యే. రంపం గాటు చిందరవందరగా పడుతుంది, త్వరగా మానదు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చెయ్యి పైకెత్తి ఆసుపత్రికి వెళ్ళండి. టెటనస్ సూది పదేళ్ళకొకసారి వేయించుకుని ఉండాలి. మట్టి అంటిన లోతు గాయమైతే, సూది వేసుకుని అయిదేళ్ళు దాటినా మళ్ళీ వేయిస్తారు.

ప్రశ్న: వేసవిలో గొడ్డలి తల వదులై ఆడుతోంది. నీళ్ళలో నానబెట్టమంటున్నారు, మంచిదేనా?

ఆ పూట గడుస్తుంది, అంతే. ఫిబ్రవరి నుంచి బెంగళూరు గాలి పొడిబారుతుంది, పిడి చెక్క ఎండి కుంచించుకుని తల వదులవుతుంది. నీళ్ళలో పెడితే చెక్క ఉబ్బి, ఇనుప కన్నులో చోటు చాలక తన పోగులనే నలుపుకుంటుంది. మళ్ళీ ఎండినప్పుడు మునుపటి కంటే సన్నబడుతుంది, తల మరింత వదులవుతుంది. దాని బదులు పిడిని తలకిందులుగా పట్టుకుని, తల గాలిలో ఉండగా, పిడి అడుగుకొనను చెక్క సుత్తితో కొట్టండి. బరువున్న తల ఉన్నచోటే ఉండి, పిడి దానిలోకి ఎక్కుతుంది. తర్వాత పై కొన గాటులో ఎండిన గట్టి చెక్కతో చేసిన కొత్త చీలను దిగగొట్టి, బయటికి వచ్చిన ముక్కను రంపంతో కోసేసి, ఆ కొనకు అవిసెనూనెను అది పీల్చుకున్నంత మేరకు రెండు మూడు రోజులు పట్టించండి. ఆ తర్వాత తలను చేత్తో పట్టి తిప్పి చూసి, వెంట్రుకవాసి కూడా కదలడం లేదని తేలాకే పనికి తీయండి.